కాలికి నేల అందినంతసేపు

ఇవాళ పొద్దున షాపు షట్టరు సగం ఎత్తానో లేదో జేబులో ఫోను గుర్రుమంది. మా పరుగుల బృందం గ్రూపులో ఎవరో రంగురంగుల పోస్టరు పెట్టారు. ఈ ఎండాకాలం మళ్ళీ ట్రయథ్లాన్ ఉందట. ముందు సముద్రంలో ఈత, ఒడ్డుకొచ్చి ఆ తడి ఒంటితోనే సైకిలు, సైకిలు దిగి పరుగు. పోస్టరు కింద అప్పుడే అందరూ బొటనవేళ్ళూ, కండలు తిరిగిన చేతుల బొమ్మలూ వరసగా పెట్టేశారు. నేనేమీ పెట్టలేదు. షట్టరు అలా సగంలోనే వదిలేసి పెయింటు డబ్బా మీద కూర్చుండిపోయాను. తాడు కొనడానికి వచ్చినాయన వంగి లోపలికి చూసి, "దుకాణ్ బంద్ హై క్యా, సేట్?" అని అడిగి, నా వాలకం చూసి జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. యాభై దాటినవాడికి ఒక పోస్టరు చూస్తే చెవులు వేడెక్కడమేమిటని మీరు అడగవచ్చు. సిగ్గు వయసుతోపాటు తగ్గుతుందని నేనూ అనుకునేవాణ్ణి.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో హార్డ్‌వేర్ షాపు. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పెట్టారు. మేకులు, తాళ్ళు, టార్పాలిన్లు, రంగులు, పడవలకు కావలసిన సామాన్లు అమ్ముతాం. కింద షాపు, పైన ఇల్లు. ఇప్పుడు అన్నయ్యా నేనూ కలిసి నడుపుతున్నాం. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు మమ్మల్ని చూడగానే, "మీకేంరా, పుట్టగానే ఈదుతారు" అంటారు. నిజానికి మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరికీ ఈత వచ్చేది కాదు. నాన్నకి సముద్రమంటే సరుకొచ్చే దారి. దారిలో దిగి ఆడుకునేవాళ్ళని చూస్తే ఆయనకి చిరాకు. మేము చిన్నప్పుడు బీచికి వెళ్ళినా చెప్పులు చేత్తో పట్టుకుని మడమలు తడుపుకుని వచ్చేసేవాళ్ళం. బయటివాళ్ళు ఈత గురించి అడిగితే మాత్రం ఒక నవ్వు నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ నవ్వుని వాళ్ళు వినయం అనుకునేవారు.

నాకొక జబ్బుంది. ప్రతి ఎండాకాలం ఏదో ఒక కొత్త సరదా తగులుకుంటుంది. ఒక ఏడాది హార్మోనియం. ఆ ఏడాది మా వీధి కుక్కలు కూడా వేరే వీధికి మకాం మార్చాయి. ఇంకో ఏడాది సిప్పీఘాట్ ఫారం నుంచి మిరియపు తీగలు తెచ్చి డాబా మీద పాకించాను. అవి బట్టలారేసే తాడుకి అల్లుకుని, మిరియాలు కాయకుండానే మా ఆవిడ చేతిలో ప్రాణాలు వదిలాయి. తర్వాత అక్వేరియం, తర్వాత పాత రేడియోలు. ఉగాది పచ్చడి తినగానే మా ఆవిడ, "ఈ ఏడాది ఏం తెచ్చిపెడతారు నా నెత్తికి?" అని అడగడం రివాజు. రెండేళ్ళ కిందట డాక్టరు నా షుగరు చూసి కాస్త ఒళ్ళు వంచి నడవమన్నాడు. నడవమన్నవాడి మాట విని నడిచి ఊరుకోవచ్చు కదా. నేను ట్రయథ్లాన్‌లో పేరిచ్చాను.

అందుకు కారకులు ఇద్దరు మిత్రులు. ఒకావిడ ఆసుపత్రిలో నర్సు, బెంగాలీ, మేమంతా దీదీ అంటాం. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళవలసినావిడ సైకిలెక్కి ఊరు దాటి వెళ్ళిపోయేది. రెండోవాడు ట్రంక్ రోడ్డు మీద బస్సు నడిపేవాడు, ఊరు రంగత్ కాబట్టి అందరికీ రంగత్ భయ్యా. రోజంతా కూర్చునే ఉద్యోగం కాబట్టి తెల్లవారుజామున పరిగెత్తకపోతే నడుము పట్టేస్తుందనేవాడు. వాళ్ళతో పరిగెత్తి, తర్వాత టీ కొట్టు బెంచీ మీద ముగ్గురం కూర్చుని సమోసాలు తినడం ఆ ఎండాకాలమంతా నా జీవితంలోకెల్లా మంచి భాగం. కరిగించినదాన్ని అక్కడే మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళం. ఒకరోజు దీదీ, "సైకిలు నాది, పరుగు భయ్యాది, టీముగా పేరిద్దామంటే ఈదేవాళ్ళు లేరు. సేట్ ఒంటరిగా మూడూ చేస్తానంటున్నారు" అని నిట్టూర్చింది. దానికి రంగత్ భయ్యా నావైపు వింతగా చూశాడు.

"అరే సేట్, ఇంట్లో మనిషిని పెట్టుకుని బయట దూండతారేంటి? మీ వదినమ్మ ఉంది కదా. చిన్నప్పుడు మా సైడ్ ఆమెతో పందెమంటే మగపిల్లలందరం భాగ్ జాతే థే!"

వదిన మా అన్నయ్య భార్య. ఊరు రంగత్ దగ్గర. వాళ్ళ నాన్నకి డోంగీ అనే చిన్న పడవ ఒకటి, రెండు వలలు ఉండేవి. అంతవరకు నాకు తెలుసు. ఈదుతుందని మాత్రం, అన్నేళ్ళుగా ఆవిడ చేతి కూడు తింటున్న నాకు, బస్సు డ్రైవరు చెబితే తెలిసింది. ఆ రాత్రి అన్నాల దగ్గర అడిగాను. వదిన గరిటె పట్టుకుని నవ్వేసింది. పెళ్ళై వచ్చిన కొత్తల్లో మా అమ్మ ఆవిడని కూర్చోబెట్టి, సముద్రం చూడ్డానికే గాని దిగడానికి కాదని, బేరం చేసుకు బతికే ఇంటి కోడలు తడి బట్టలతో ఒడ్డున నడిస్తే చెట్టంత మనుషులకి తలవంపులని చెప్పిందట. "అలాగే అత్తా అన్నాను. అయిపోయింది" అంది వదిన. అమ్మ పోయాక కూడా ఆ మాట ఇంట్లో అలాగే ఉండిపోయింది. ఎవరూ తియ్యలేదు. అప్పుడు నాకు కొన్ని గుర్తొచ్చాయి. వదిన వంటింట్లో పప్పు కలుపుతూ, కిటికీలోంచి చూడకుండానే, "పోటు తిరిగింది, డోంగీలోల్లు వస్తారు, కిందకెల్లండి" అనేది. అదేదో ఆడవాళ్ళ అంచనా అనుకునేవాళ్ళం.

వదిన దిగుతానంది. జీవితంలో ఆవిడ నోట "నాకు కావాలి" అన్న మాట వినడం అదే మొదలు. అన్నయ్య మజ్జిగ తాగడం ఆపాడు. గ్లాసు పక్కన పెట్టి, "ఒక్కసారే. ఆ పందెమేదో అయిపోయాక మళ్ళీ ఈ ముచ్చట నా దగ్గిర ఎత్తకూడదు. సంఘంలో నేను తలెత్తుకు తిరగాలి. లోగ్ క్యా కహేంగే?" అన్నాడు. వదిన తలూపింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఒక్కసారి అన్న మాట నాకు అప్పుడు చాలా ఉదారంగా వినిపించింది.

వదిన నాకు గురువైంది. పాత చుడీదారు మీద అన్నయ్య టీషర్టు వేసుకుని, జుట్టు ముడి గట్టిగా బిగించి, మొసళ్ళున్నాయని రాసిన బోర్డు పక్కనుంచి, అవి రాకుండా నీళ్ళలో వల కట్టిన చోటికి దిగేది. మొదటిరోజు ఆవిడ నీళ్ళలోకి వెళ్ళడం చూసి దీదీ నోరు తెరుచుకుని ఉండిపోయింది. చప్పుడు లేదు, నురగ లేదు. చీర మడత పెట్టినంత తేలిగ్గా చేతులు వేసుకుంటూ వెళ్ళిపోయింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ ముఖం చూసి నేను గుర్తుపట్టలేదు. ఆ ముఖం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

నా సంగతి వేరు. మా షాపు కాలెండరు మీద తేదీల పక్కన ఆటుపోట్ల వేళలు అచ్చువేయిస్తాం. పడవలవాళ్ళు దానికోసమే సంక్రాంతికి ముందే వచ్చి అడిగి పట్టుకెళతారు. వాగులు నిండిన పోటు వేళకి చుట్టుపక్కల డోంగీలన్నీ సరుక్కి వస్తాయి, షాపు ఊపిరాడదు. నీళ్ళు వెనక్కి తీసిన ఆటు వేళకి షాపు ఖాళీ. అందుకని నేను కాలెండరు చూసుకుని ప్రతిసారీ ఆటు వేళకే ఈతకి వెళ్ళాను. అప్పుడు అక్కడ నీళ్ళు నా గుండెల దాకా ఉంటాయి. చేతులు బాగా ఆడించేవాణ్ణి, కాళ్ళు కొట్టేవాణ్ణి, ఊపిరి తీసుకోవడం కష్టమైనప్పుడు ఒక బొటనవేలు ఇసక మీద ఇలా ఆనించి అలా తీసేసేవాణ్ణి. ఆనిస్తున్నానని నాకే తెలియదు. నా వరకు నేను ఈదుతున్నాను. బెంచీ మీద కూర్చుని ఇంత దూరం ఈదాను, అంత దూరం ఈదానని లెక్కలు కూడా చెప్పాను. వదిన రెండు మూడుసార్లు ఒడ్డున నిలబడి చూసి, "మరిదీ, నీల్లు నిండినప్పుడు రావయ్యా ఓపాలి. ఇది ఈత కాదు, నీల్లలో నడక" అంది. పోటు వేళ షాపెవరు చూస్తారు వదినా అన్నాను. నిజమే కదా, ఎవరు చూస్తారు?

పందెం రోజు వచ్చింది. నిర్వాహకులు బుద్ధిమంతులు. కింద రాళ్ళు కాళ్ళకి కోసుకోకుండా నీళ్ళు నిండుగా ఉండాలని పోటు వేళ చూసి పెట్టారు. అంతకుముందు నాకు అతి పెద్ద దిగులు నా బట్టల గురించి. ఒంటికి అతుక్కునే ఆ నల్ల సూటులో నా బొజ్జ, చొక్కా లేనప్పటికంటే ఎక్కువ బయట పడింది. ఒడ్డున మా షాపు టార్పాలిన్ల కిందే తెలుగు సంఘం పెద్దలందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో అన్నయ్య కూడా ఉన్నాడు, దినపత్రికని ముఖానికి అడ్డం పెట్టుకుని. మైకులో ఒకాయన నన్ను చూపించి, "మన ద్వీపంలోనే పుట్టి పెరిగిన మన సేట్!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వదిన ఎవరివైపూ చూడలేదు. నీళ్ళవైపే చూస్తోంది. ఆవిడ పెదాలు కదులుతుంటే ఏదో మొక్కుకుంటోందనుకున్నాను. దగ్గరికి వెళితే, నీటి వాలు ఎటు లాగుతోందో తనలో తను లెక్క వేసుకుంటోంది.

దిగాం. వదిన ఎప్పుడు ముందుకెళ్ళిందో చూడనే లేదు. నేను బాగానే వెళుతున్నాననుకున్నాను. ఊపిరి అందక, అలవాటు ప్రకారం బొటనవేలు కిందకి దింపాను. నేల లేదు. ఇంకా దింపాను. లేదు. అప్పుడు నాకు తెలిసింది, నాకు ఈత రాదని. మనిషికి తన గురించి అంత పెద్ద విషయం అంత ఆలస్యంగా, అలాంటి చోట తెలియకూడదు. చెయ్యెత్తి పిలవాలని కూడా తోచలేదు. నీళ్ళు కొడుతూ, మింగుతూ, ఒడ్డెటుందో తెలియకుండా కొట్టుకుంటున్నాను. కాపలా పడవలు దూరంగా, ఈదేవాళ్ళు ఒడ్డువైపు వెనక్కి తిరిగే మూల దగ్గర ఉన్నాయి. వదిన అప్పటికే ఆ మూల తిరిగి ఒడ్డుకి వస్తోంది. ఆడవాళ్ళలో ముందు ఆవిడే ఉందని తర్వాత దీదీ చెప్పింది. ఒడ్డున సైకిలు పట్టుకుని దీదీ, వెనకాల రంగత్ భయ్యా ఆవిడ కోసమే నిలబడి అరుస్తున్నారు.

ఆవిడ ఒడ్డుకి వెళ్ళలేదు. పక్కకి తిరిగి నా దగ్గరికి వచ్చింది. "నానొచ్చీసాను మరిదీ. బస్, బస్. నన్నట్టుకోకు, ఎల్లకిలా తిరుగు, ఆకాశం చూడు" అంది. అంతా వినపడింది. విని కూడా పట్టుకున్నాను. ఆవిడ కుడిభుజం రెండు చేతులతో పట్టుకుని, నా బరువంతా వేసి, మెట్టెక్కినట్టు ఎక్కబోయాను. ఇద్దరం ఒకసారి లోపలికి వెళ్ళి వచ్చాం. ఆవిడ ఎలా విడిపించుకుందో, నన్నెలా వెల్లకిలా తిప్పిందో నాకు తెలియదు. తల కింద ఆవిడ చెయ్యి ఉంది, పైన ఆకాశం ఉంది. పడవ వచ్చేదాకా ఆవిడ నా చెవిలో ఏవో కబుర్లు చెబుతూనే ఉంది, చిన్నపిల్లాడికి అన్నం తినిపించేటప్పుడు చెప్పినట్టు. నన్ను పడవలోకి లాగాక, పడవాయనతో "ఈయన్ని తీసుకెల్లండి భయ్యా, నాను పోతాను" అని ఒడ్డువైపు తిరిగింది. ఎడం చెయ్యి వేసింది. కుడి చెయ్యి వెయ్యబోయి ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది. తర్వాత మావైపు తిరిగి, "అలిసిపోనాను. నన్నూ ఎక్కించీయండి" అంది. నేను నమ్మాను. వయసైంది కదా అని కూడా అనుకున్నాను. పందెం మధ్యలో పడవెక్కితే ఇక ఆ టీము లేనట్టే. దీదీ సైకిలు స్టాండు వేసి, హెల్మెట్ తీసేసి, మా కోసం తువ్వాళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఇంతవరకు జరిగింది ప్రమాదమే అనుకుందాం. మర్నాడు ఇంట్లో జరిగింది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముఖం మీదకి లాక్కోవాలనిపిస్తుంది. మా ఊళ్ళో ఎవరికైనా గండం తప్పిందంటే పలకరింపుకి రావడం ఆనవాయితీ. కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు, దేవుడి కుంకుమ పట్టుకుని సంఘం వాళ్ళంతా మెట్లెక్కి వచ్చారు. నేను దిళ్ళకి ఆనుకుని కూర్చుని అందరికీ కథ చెప్పాను. మూడో విడత వాళ్ళు వచ్చేసరికి ఆ కథలో అలలు పెరిగాయి, లాగే వాలు ఒకటి చేరింది. అందరూ నా ఆయుష్షు గట్టిదన్నారు. వదిన పేరు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ టీలు తెచ్చి ఇస్తోంది. సంఘంలో అందరికీ పెద్దదిక్కైన ఒక పెద్దావిడ కప్పు అందుకోబోయి ఆగి, "అదేటమ్మా, ఇంటికొచ్చినోల్లకి ఎడం చేత్తో ఇస్తన్నావు? మీ అత్త ఇదేనేటి నేర్పింది?" అంది. వదిన ముఖం ఎర్రబడింది. "తప్పయిపోయింది పిన్నీ" అని కప్పు కుడిచేతిలోకి మార్చుకుని చాచబోయింది. చెయ్యి జానెడు లేచి ఆగిపోయింది. కప్పు సాసరులో గలగలలాడింది, టీ అంతా ఆవిడ చీర మీద ఒలికింది. అప్పుడు చూశాను, జాకెట్టు అంచు కింద భుజం మీద నల్లగా కమిలిన నా వేళ్ళు. అంతమంది ముందు కొబ్బరిబోండం చేతిలో పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

దీదీ దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. భుజంలో నరం తెగిందని, కొంత కలుస్తుందని, మునుపటిలా పైకి లేవదని చెప్పారు. దీదీ, రంగత్ భయ్యా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. టీ కొట్టు బెంచీ మీద ఎప్పటిలాగే నాకు చోటు వదిలి కూర్చునేవారు. ఒకరోజు పొద్దున్నే పైకి వెళితే అన్నయ్య గది తలుపు ఓరగా ఉంది. వదిన మంచం మీద కూర్చుంది. అన్నయ్య వెనకాల నిలబడి, పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, ఆవిడ జుట్టు ముడి వేయడానికి తంటాలు పడుతున్నాడు. ముడి జారిపోతోంది, మళ్ళీ వేస్తున్నాడు. "అబ్బ, ఒగ్గీండి, మనమ్మాయి వేస్తాది" అంటోంది వదిన. ఆయన వదల్లేదు. నేను చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి వచ్చేశాను. ఆ తర్వాత రోజూ ఆ ముడి ఆయనే వేశాడు. ఏడాది తిరిగేసరికి చక్కగా కుదరడం కూడా మొదలైంది.

ఈత నేను వదల్లేదు. వదిన వదలనివ్వలేదు. పోటు వేళకి షాపు అన్నయ్యకి వదిలి, నేలందని చోటే నేర్చుకున్నాను. ఆవిడ ఒడ్డున నిలబడి ఎడం చెయ్యి ఊపుతూ కేకలేసేది. ఇప్పుడు నాకు ఈత వచ్చు. నిజంగానే వచ్చు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం దొంగ సొమ్ము చేతిలో పట్టుకుని నిలబడినట్టుంటుంది.

ఇవాళ పెయింటు డబ్బా మీద అలా ఎంతసేపు కూర్చున్నానో, అన్నయ్య వచ్చి షట్టరు పూర్తిగా ఎత్తాడు. నా చేతిలో ఫోను చూశాడు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి పోస్టరంతా చదివాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నావైపు చూడకుండా, "మీ వదిన పేరు కూడా రాయించు" అన్నాడు.

"అన్నయ్యా, ఆ భుజంతో..."

"నాకు తెలీదేంట్రా? దిగుతాదో, దిగదో, నీల్లు చూసొచ్చేస్తాదో ఆవిడిష్టం. ఇయ్యాల్టి నుంచి ఈ విషయంలో నన్ను అడగక్కర్లేదని చెప్పు."

నేను రెండేసి మెట్లు ఎక్కి పైకి వెళ్ళాను. వదిన వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తోంది. చెప్పాను. ఆవిడ చేతిలో రెబ్బ అలాగే ఉండిపోయింది. "ఆయనే అన్నారా, నువ్వు అనిపించావా?" అంది. ఆయనే అన్నాడని చెప్పాను. "ఎలగన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు" అంది. అన్నయ్య మాటలు పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ నవ్వింది. ఆ మొదటిరోజు నీళ్ళలోంచి వచ్చిన ముఖమే అది. కుడి చెయ్యి మెల్లగా ఎత్తింది, ముందుకి వెయ్యబోయేదానిలా. చెయ్యి చెవి దాకా కూడా రాలేదు. దాన్ని తిరిగి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ వెల్లుల్లి అందుకుని, "ఇంకోపాలి చెప్పు మరిదీ" అంది.

మళ్ళీ చెప్పాను. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ముప్ఫై ఏళ్ళు చెయ్యి బాగున్నంతకాలం ఎదురుచూసింది, ఆ మాట ఇంకో రెండేళ్ళలో రాబోతుందనగా నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.